డంబ్ టెర్మినల్ – నెట్‌వర్క్ కంప్యూటర్

1995లో ఒరాకిల్ సంస్థ అధిపతి లారీ ఎల్లిసన్ ఐదు వందల డాలర్లకే లభించగల ఒక కొత్త యంత్రాన్ని ప్రతిపాదించాడు. దానికి హార్డ్ డిస్క్ అవసరం లేదు. ప్రోగ్రాములూ, పత్రాలూ దూరాన ఉన్న సర్వర్‌లోనే ఉంటాయి. దీనినే నెట్‌వర్క్ కంప్యూటర్ అన్నారు. ఇటువంటి యంత్రాలకు థిన్ క్లయింట్లని పేరు. పాత డంబ్ టెర్మినల్‌కే కొత్త పేరు పెట్టారని విమర్శకులు ఎద్దేవా చేశారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. అయితే అది సరిగా వర్తించే యంత్రం తరువాత వచ్చింది.

‘డంబ్’ అంటే ఇక్కడ మూగ అని కాదు, సొంత తెలివి లేనిదని అర్థం. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో తెచ్చిన వీటీ100 టెర్మినళ్ళలో మిక్కిలి ప్రసిద్ధమైనది. కర్సర్‌ను కోరిన చోటికి జరపడం వంటి ఆజ్ఞలను పాటించగలదు కనుక దీనిని డంబ్ అనడానికి కొందరు ఒప్పుకోరు. అయినా వాడుకరి ప్రోగ్రాము ఒక్కటీ దానిలో నడవదు. విచిత్రమేమంటే, దానిలో ఉన్నది ఇంటెల్ 8080 ప్రాసెసర్. 1975 నాటి ఆల్టెయిర్ 8800 అనే వ్యక్తిగత కంప్యూటర్‌లో ఉన్నదీ అదే. కనుక ప్రాసెసర్ ఉన్నంత మాత్రాన ఒక యంత్రం కంప్యూటర్ కాజాలదు. వాడుకరి పనిని ఆ ప్రాసెసర్ చేస్తున్నదా, లేదా అని చూడాలి.

ఈ కొలతతో చూస్తే, సన్ సంస్థ 1996లో ప్రకటించిన జావాస్టేషన్ టెర్మినల్ కాదు. స్విచ్ వేయగానే అది సర్వర్ నుండి ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఆపై జావా ప్రోగ్రాములను తెచ్చుకొని తన ప్రాసెసర్‌తోనే నడుపుతుంది. కాని వ్యక్తిగత కంప్యూటర్ల ధరలు త్వరలోనే వేయి డాలర్లకు దిగువకు వచ్చాయి. చౌక అనే ఆకర్షణ చాలవరకు పోయింది.

అదే సంస్థ 1999లో తెచ్చిన సన్‌రే విషయం వేరు. ప్రోగ్రాములన్నీ సర్వర్‌లోనే నడుస్తాయి. కీబోర్డు, మౌస్ కదలికలు అటు వెళతాయి. తెరపై మారిన భాగాల చిత్రాలు ఇటు వస్తాయి. ఇది స్వభావంలో టెర్మినలే. అక్షరాల స్థానంలో చిత్రాలు చేరాయి, అంతే. ఆ మార్పు మాత్రం చిన్నది కాదు. వీటీ100 తెరపై 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1,920. సెకనుకు 9,600 బిట్ల తీగపై అవి రెండు సెకన్లలో వస్తాయి. 1280×1024 చుక్కల రంగుల తెరకు చుక్కకు 24 బిట్ల చొప్పున మూడు కోట్లకు పైగా బిట్లు కావాలి. కుదించకుండా పంపితే, ఆ పాత తీగపై ఒక్క తెర నిండడానికి సుమారు 55 నిమిషాలు పడుతుంది!

తీగ తెగిన నాడు ఈ భేదాలు అనుభవానికి వస్తాయి. జావాస్టేషన్‌లో అప్పటికే చేరిన ప్రోగ్రాము కొంత నడవవచ్చు, కాని పత్రాన్ని దాచుకొనే చోటు ఉండదు. సన్‌రేలో పని అక్కడే ఆగుతుంది. అయితే ఆ పని సర్వర్‌లో భద్రంగా ఉంటుంది. తన స్మార్ట్ కార్డును మరొక సన్‌రేలో పెడితే వాడుకరికి అదే తెర, విడిచిన చోటనే ప్రత్యక్షమవుతుంది. వ్యక్తిగత కంప్యూటర్ చెడితే నష్టం ఒక్కరికి. సర్వర్ ఆగితే గదిలోని అందరూ చేతులు ముడుచుకొని కూర్చోవలసిందే. టికెట్ కౌంటర్ల ముందు నిలిచినవారికి ‘సర్వర్ డౌన్’ అనే మాట కొత్త కాదు.

2010లో సన్ సంస్థను ఎల్లిసన్ నడిపిన ఒరాకిలే కొన్నది. కొన్నేళ్ళకే సన్‌రే తయారీని నిలిపివేసింది.