నృగుని ఆవు

వరంగల్లు నుండి ఖమ్మం వెళ్లే రహదారిపై ఉన్న వర్ధన్నపేట, ఆకేరు వాగు పరిసరాల పల్లెలకు కూడలి వంటిది. ట్రాక్టర్లు వచ్చి ఎంతో కాలమైనా ఈ ప్రాంతపు చిన్న రైతుకు ఎడ్ల జతతో అవసరం పూర్తిగా తీరలేదు. ఇటువంటి ఊళ్లలో ఒకప్పుడు బందెలదొడ్డి ఉండేది. ఒకరి చేనులో పడి మేసిన పశువును పట్టి ఆ దొడ్డిలో కట్టివేసేవారు. యజమాని వచ్చి, బందె చెల్లించి, తన పశువును తోలుకొనిపోయేవాడు. బ్రిటిషు పాలిత ప్రాంతాలలో ఈ ఆచారానికి 1871 నాటి పశువుల చొరబాటు చట్టం శాసనరూపమిచ్చింది. ఏడు రోజులలో యజమాని రాకపోతే దొడ్డి కాపరి పోలీసు ఠాణాకు తెలియజేయాలి. వారు ప్రకటన అంటించి, ఊళ్లో చాటింపు వేయించాలి. ఆపైన మరో ఏడు రోజులు గడిచినా ఎవరూ రాకపోతేనే పశువును వేలం వేయాలి.

బందెలదొడ్డిలో తేలవలసిన సంగతులు రెండే: పశువు ఎవరిది? నష్టపోయిన పంట ఎవరిది? ఆ పశువు కడుపు నిండా తిన్నదా, దాని మెడమీద కాడి పుండు ఉన్నదా అని అడిగే అధికారం దొడ్డి కాపరికి లేదు. నేటి గోశాలకూ, జంతు సంరక్షణ కేంద్రానికీ చేరిన పశువు విషయంలో ఈ ప్రశ్నే మొదట వస్తున్నది. అక్కడ యజమానికి ఎదురుగా నిలిచేవాడు నష్టపోయిన రైతు కాడు. పశువు పక్షాన మాట్లాడే సంస్థ. ఇరువురూ పశువు మేలునే కోరుతున్నామంటారు. వివాదం జటిలం కావడానికి అదే కారణం.

పశువుపై ఇద్దరు హక్కు చెప్పుకొన్న కథ మన సాహిత్యానికి కొత్త కాదు. వర్ధన్నపేటకు అంత దూరం కాని బమ్మెరలో నివసించినట్లు చెప్పే పోతన పేరిట వెలసిన ఆంధ్ర మహాభాగవతంలో, దశమస్కంధంలో నృగుని ఉపాఖ్యానం ఉన్నది. ఇక్ష్వాకుని కుమారుడైన నృగుడు లెక్కలేనన్ని గోవులను దానం చేసిన రాజు. ఒకనాడు ఒక విప్రుని ఆవు తప్పిపోయి రాజుగారి మందలో కలిసింది. రాజు అది తనదే అనుకొని వేరొక విప్రునికి దానమిచ్చాడు. దానిని తోలుకొనిపోతుండగా మొదటి యజమాని చూచి, అది తన ఆవు అన్నాడు. రెండవవాడు రాజు తనకు దానమిచ్చాడన్నాడు. ఇద్దరూ రాజు వద్దకు వచ్చారు. ఆ ఒక్క ఆవుకు బదులు లక్ష గోవులనిస్తానని నృగుడు వేడుకొన్నా ఇద్దరిలో ఎవరూ అంగీకరించలేదు. మరణానంతరం నృగుడు ఊసరవెల్లియై ద్వారక సమీపాన ఒక బావిలో పడి ఉండగా శ్రీకృష్ణుడు ఉద్ధరించాడు.

ఈ కథను సాధారణంగా బ్రహ్మస్వం అపహరించరాదన్న నీతికి ఉదాహరణగా చెబుతారు. అయితే న్యాయదృష్టితో చదివితే మరొక విషయం కనిపిస్తుంది. నృగునిలో దురాశ లేదు. అతడు చేసిన పని దానం. అతని లోపమల్లా మందలోకి వచ్చిన ఆవు ఎవరిదో విచారించకపోవడం. లక్ష గోవులు ఎదురుగా ఉన్నా ఆ ఒక్క ఆవే కావాలన్న యజమాని పట్టుదలను కూడా కవి చిన్నచూపు చూడలేదు. పశువును పెంచినవారికి మాత్రమే ఆ పట్టుదల అర్థమవుతుంది.

నేటి పట్టణాలలో ఇదే కథ కుక్కల విషయంలో జరుగుతున్నది. దీపావళి టపాసుల మోతకు బెదిరి ఇల్లు విడిచిన పెంపుడు కుక్కను ఎవరో దయతో సంరక్షణ కేంద్రానికి చేరుస్తారు. మెడపట్టీ లేదు, చిరునామా లేదు. కేంద్రం వారు దానికి చికిత్స చేయించి, కొన్నాళ్లు చూచి, దత్తత కోరిన కుటుంబానికి అప్పగిస్తారు. తరువాత అసలు యజమాని వస్తాడు. కేంద్రం వారు నృగుని వలెనే నిర్దోషులు, నృగుని వలెనే చిక్కులో పడ్డవారు. దొరికిన వస్తువును గూర్చి 1872 నాటి భారత ఒప్పందాల చట్టం స్పష్టంగానే చెప్పింది. దొరికినవాడు దానికి యజమాని కాడు, కేవలం అప్పగింతదారు. యజమాని కోసం తగిన ప్రయత్నం చేసి వెదకాలి. భద్రపరచడానికైన ఖర్చు చెల్లించే వరకు వస్తువును తన వద్ద నిలుపుకోవచ్చు. యజమాని దొరకనప్పుడో, దొరికీ న్యాయమైన ఖర్చు ఇవ్వనన్నప్పుడో, వస్తువు పాడైపోయే స్థితిలో ఉంటే గాని, ఖర్చు దాని విలువలో మూడింట రెండు వంతులకు చేరితే గాని అమ్మరాదు. చట్టం దృష్టిలో పెంపుడు జంతువు కూడా చరాస్తియే కనుక ఈ నియమాన్ని కుక్కకూ అన్వయించవచ్చు. టీకాల పుస్తకం, పాత ఛాయాచిత్రం, పశువైద్యుని రసీదు వంటివి అటువంటి సమయంలో యజమానికి సాక్ష్యాలవుతాయి.

తప్పిపోయిన జంతువు విషయం కొంత సులభం. యజమాని చేతిలో నుండే జంతువును తీసుకొన్నప్పుడు చిక్కు పెరుగుతుంది. ఇంగ్లండులో 1822లో పశువులపై క్రూరత్వాన్ని నిషేధించే చట్టం వచ్చింది. దాని అమలుకై 1824లో లండనులో ఒక సంఘం ఏర్పడింది. మనదేశంలో అటువంటి మొదటి సంఘాన్ని 1861లో కలకత్తాలో కోల్స్‌వర్తీ గ్రాంట్ స్థాపించాడు. స్వాతంత్ర్యానంతరం నృత్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా చేసిన కృషి ఫలితంగా 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు ఈ చట్టం నీడలోనే పనిచేస్తున్నాయి.

1960 నాటి చట్టం యజమానిపై విధించిన బాధ్యతలు చిన్నవి కావు. పుండు పడిన పశువును పనికి కట్టరాదు. కదలడానికి వీలులేనంత పొట్టి గొలుసుతోనో, మోయలేని బరువైన గొలుసుతోనో చాలాసేపు కట్టివేయరాదు. తిండి, నీరు, నీడ లేకుండా ఉంచరాదు. బాధ కలిగే రీతిలో వాహనంలో కుక్కి తరలించరాదు. ఇన్ని నియమాలు చేసిన చట్టం మొదటి నేరానికి విధించిన జరిమానా మాత్రం పది రూపాయల నుండి యాభై రూపాయల వరకే. ఆ యాభై రూపాయలు 1960లో ఎంతోకొంత సొమ్ము. తరువాతి కాలంలో అవి క్రూరుని భయపెట్టగలవని ఎవరూ అనుకోలేదు. జంతు సంక్షేమ సంస్థల ఆవేదనకు ఇది ప్రధాన కారణం.

శిక్ష స్వల్పమైనందున పోరాటమంతా వేరొక చోటికి మళ్లింది. తీర్పు వచ్చే వరకు పశువు ఎవరి వద్ద ఉండాలన్నదే అసలు ప్రశ్న అయింది. చట్టంలోని 29వ సెక్షను ప్రకారం యజమాని నేరం రుజువైన తరువాతనే, అదీ అతని వద్ద పశువు మళ్లీ హింసకు గురయ్యే అవకాశం ఉన్నదని తేలితేనే న్యాయస్థానం యాజమాన్యాన్ని తొలగించగలదు. 35వ సెక్షను ప్రకారం పశువును చికిత్సాలయానికి గాని, పింజ్రాపోలుకు గాని పంపవచ్చు. అక్కడి మేత ఖర్చును జిల్లా మేజిస్ట్రేటు నిర్ణయించిన రేటు ప్రకారం యజమానియే భరించాలి. ఇవ్వకపోతే భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చు.

ఈ నియమాలను ఒక రైతు ఇంటి వద్ద నిలిపి చూడాలి. వర్ధన్నపేట ప్రాంతపు రైతు ఒకడు అంగడిలో ఎడ్ల జతను కొని, కిరాయి వాహనంలో తెచ్చుకొంటున్నాడనుకొందాం. వాహనం ఇరుకైనది. అందులో వేరొకరి పశువులు కూడా ఉన్నాయి. దారిలో ఆపి, అవి కబేళాకు పోతున్నాయని ఫిర్యాదు చేస్తారు. పశువులు గోశాలకు చేరుతాయి. నేరం రుజువైనా జరిమానా యాభై రూపాయలకు మించదు. కాని మృగశిర కార్తెలో పడిన వాన మేజిస్ట్రేటు వాయిదా కోసం ఆగదు. అదను తప్పితే ఆ ఏటి విత్తనం తప్పినట్లే. పైగా గోశాలలో రోజురోజుకూ మేత ఖర్చు పెరుగుతుంది. కొన్ని నెలలు గడిచేసరికి అది ఎడ్ల ఖరీదును మించినా ఆశ్చర్యం లేదు. అప్పుడు నిర్దోషిగా తేలిన రైతు కూడా తన ఎడ్లను విడిపించుకోలేడు.

గోశాల వారి వాదనను కూడా వినాలి. ఊపిరాడని లారీలో కాలు విరిగి, కన్ను చితికి వచ్చిన పశువులను దించుకొనేది వారే. రైతునని చెప్పి తీసుకొనిపోయిన వ్యక్తి వారం తిరగకుండానే అదే పశువులను కబేళా వర్తకునికి అమ్మితే, చట్టం చేసిన రక్షణకు అర్థమేమిటని వారు ప్రశ్నిస్తారు. ఆ భయం నిరాధారమని కొట్టివేయడానికి వీలులేదు.

ఈ రెండు వాదనల మధ్య సుప్రీంకోర్టు 1998లో ఒక మార్గం చూపింది. గుజరాతులోని దేవుదార్ పింజ్రాపోలుకూ పశువుల యజమానులకూ మధ్య నడిచిన కేసు అది. యజమాని అయినంత మాత్రాన విచారణ కాలంలో పశువు అతనికే దక్కాలన్న నియమం లేదని కోర్టు చెప్పింది. నేరారోపణ ఎంత తీవ్రమైనది, అది మొదటిసారా, పట్టుకొన్నప్పుడు పశువు ఏ స్థితిలో ఉన్నది, తిరిగి హింసకు లోనయ్యే అవకాశం ఉన్నదా అనే అంశాలను మేజిస్ట్రేటు పరిశీలించాలి. మొదటిసారి విచారణను ఎదుర్కొంటున్న యజమానికి కొంత మెరుగైన హక్కు ఉంటుంది. ఈ వివేచన వల్ల ప్రతి కేసునూ దాని గుణదోషాలను బట్టి చూడడం సాధ్యమైంది.

2017 మే నెలలో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలను ప్రకటించి, త్రాసును సంస్థల వైపు కొంత వంచింది. కేసు నడిచే కాలంలో పశువును గోశాలలోనో, సంక్షేమ సంస్థలోనో ఉంచవచ్చు. ఖర్చుకై యజమాని బాండు రాయాలి. రాయకపోతే పశువుపై హక్కును కోల్పోతాడు. గేదెల వర్తకుల సంఘం దీనిని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 2021 జనవరిలో నాటి ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం, నేరం రుజువు కాకముందే జీవనాధారమైన పశువును తీసివేయడం మాతృచట్టానికే విరుద్ధంగా ఉన్నదని అభిప్రాయపడింది. నియమాలను మార్చండి లేదా ఉపసంహరించండి, లేకుంటే నిలిపివేస్తామని కేంద్రానికి చెప్పింది.

ఆ మరుసటి సంవత్సరమే హైదరాబాదుతో ముడిపడిన ఒక కేసు దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది. 2022 జనవరిలో గుజరాతులోని కచ్ ప్రాంతపు పశుపోషకులు ఐదుగురు 58 ఒంటెలను తోలుకొని మహారాష్ట్రలోని అమరావతి జిల్లా మీదుగా నడచిపోతున్నారు. ఆ ఒంటెలను వధ కోసం హైదరాబాదుకు తరలిస్తున్నారని నగరానికి చెందిన ఒక జంతు సంక్షేమ కార్యకర్త ఫిర్యాదు చేశారు. పోలీసులు పోషకులను నిర్బంధించి, ఒంటెలను అమరావతి గోరక్షణ సంస్థకు తరలించారు. మధ్యభారతంలో మందలతో సంచరించే తమవారికి ఒంటెలను అప్పగించడానికి వెళుతున్నామని పోషకులు చెప్పారు. కచ్ రబారీలు తరతరాలుగా ఒంటెలతో దేశసంచారం చేసే జాతి. ఒంటె తిరుగుతూ చెట్ల ఆకులను మేసే జంతువని, ఒకచోట కట్టి గడ్డి వేస్తే అది చిక్కిపోతుందని వారి వేదన. బెయిలు వచ్చిన తరువాత కూడా వారు ఒంటెలను వదలి వెళ్లలేదు. ఫిబ్రవరిలో న్యాయస్థానం ఒంటెలను వారికే తిరిగి అప్పగించవలసిందిగా ఆదేశించింది.

ఆవును పోషించడంలో ఆరితేరిన సంస్థకు ఒంటె పోషణ కూడా తెలియాలన్న నియమం లేదు. జంతువు క్షేమం కోరడం వేరు, ఆ జంతువును ఎరిగి ఉండడం వేరు. ఈ రెండవ విద్య చాలాసార్లు నిరక్షరాస్యుడైన కాపరి దగ్గరే ఉంటుంది. 2016కు పూర్వం వర్ధన్నపేట మండలంలోనే ఉన్న ఐనవోలులో మల్లన్న జాతరకు తరలివచ్చే గొల్లకురుమలను చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే కాపరికి తెలిసినదంతా పశువుకు హితమే అనడానికీ లేదు. తాతలనాటి వాతలు పెట్టే వైద్యం అందుకు సాక్ష్యం.

ఇరుపక్షాలకూ మేలు జరిగిన ఉదాహరణ ఒకటి ఉన్నది. ఎలుగుబంట్లను ఆడించి బతికే కలందర్ల నుండి వాటిని తీసుకొన్నప్పుడు సంరక్షణ సంస్థలు వారికి వేరొక జీవనోపాధిని కూడా చూపాయి. 2009లో చివరి ఎలుగుబంటి సంరక్షణకు చేరడంతో ఆ ఆట దాదాపు అంతరించింది.

నేడు పల్లెలోని ఆవు చెవికి పసుపుపచ్చని బిళ్ల వేలాడుతున్నది. దానిపై 12 అంకెల సంఖ్య ఉంటుంది. యజమాని పేరు, పశువు వయస్సు, వేసిన టీకాలు ఆ సంఖ్య కింద నమోదవుతాయి. అంగడిలో పశువును కొన్నవాడు ఆ నమోదును తన పేరిట మార్పించుకొని, అమ్మకపు రసీదు వెంట ఉంచుకొంటే, దారిలో ఆపినవారికి చూపడానికి ఆధారం ఉంటుంది. నృగుని మందలో ఇటువంటి బిళ్ల ఉండి ఉంటే ద్వారక బావిలోని ఊసరవెల్లి కథ మనకు దక్కేది కాదేమో! ఆ బిళ్ల పశువు ఎవరిదో చెబుతుంది. కాడి కింద పుండు ఎన్నాళ్లదో, ఆ ఎద్దు ఈ ఏడు దుక్కికి తగునో కాదో చెప్పడానికి మాత్రం పశువైద్యుడు వచ్చి, దాని మెడపై చేయి వేసి చూడవలసిందే.