మడత చక్రాల కుర్చీ మన ఊరి నేలకు సరిపోతోందా?

మా పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయికి చక్రాల కుర్చీ ఇచ్చిన రోజు మేమూ వేదిక మీదే ఉన్నాం. ఫోటో దిగాం, చప్పట్లు కొట్టాం. మూడు నెలలు తిరక్కముందే ఆ అబ్బాయి బడికి రావడం మానేశాడు. ఇంటికి వెళ్లి చూస్తే కుర్చీ మడిచి గోడకు ఆనించి ఉంది. దాని మీద వేరుశనగ కాయల సంచి. పిల్లవాడు బోర్లా పడుకొని ఉన్నాడు. పిరుదు మీద రూపాయి బిళ్లంత పుండు. "నాకు అక్కడ స్పర్శ లేదు కదా సార్, పుండు పడేదాకా తెలీలేదు" అన్నాడు. "దానం ఇచ్చినోళ్లకు చెడ్డపేరు వస్తుందేమోనని చెప్పలేదు సార్" అంది వాళ్లమ్మ.

ఆ మాట విన్నాక మాకు చాలా రోజులు మనసు మనసులో లేదు. భౌతికశాస్త్రం చెప్పేవాళ్లం, బరువు, పీడనం గురించి ఏటా నల్లబల్ల మీద బొమ్మలు గీసేవాళ్లం. వేదిక మీద ఆ కుర్చీని చూసి ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు. ఆ తర్వాత చదివి, అడిగి, కొన్ని ఇళ్లకు తిరిగి నేర్చుకున్నది ఈ సంచికలో దాతల ముందు పెడుతున్నాం.

మనం సాధారణంగా కొని ఇచ్చే మడత కుర్చీ పుట్టుక అమెరికాలో. గని ప్రమాదంలో నడుము దెబ్బతిన్న హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే ఇంజనీరు, ఆయన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి 1930ల మొదట్లో దీన్ని తయారుచేశారు. కారులో పెట్టుకుని వెళ్లేందుకు వీలుండాలన్నది వాళ్ల అవసరం. సీటు కింద రెండు గొట్టాలను కత్తెరలాగా అడ్డంగా వేసి మధ్యలో కీలు పెట్టారు. సీటు గుడ్డను మధ్యలో పట్టి పైకి లాగితే రెండు పక్కలూ దగ్గరకు వస్తాయి; మనిషి కూర్చుంటే ఆ బరువుకే కత్తెర తెరుచుకొని బిగుసుకుంటుంది. ఎంత తెలివైన ఏర్పాటో! తొంభై ఏళ్లు దాటినా ప్రపంచమంతా ఇదే వాడుతోంది. కానీ అది నున్నటి కాలిబాటలున్న ఊళ్ల కోసం, ఆసుపత్రి వరండాల కోసం స్థిరపడిన ఆకారం. మన గుత్తి చుట్టుపక్కల పల్లెల్లో కంకర దారి, ఇసుక వంక, సర్కారు తుమ్మ ముళ్లు, తాడిపత్రి బండ పరిచిన మెట్టు.

ముందు చక్రం సంగతే తీసుకోండి. ఈ కుర్చీలకు ముందు చిన్న చక్రాలు 8 అంగుళాలవి, వెనుక పెద్దవి 24 అంగుళాలవి. దారిలో 2 అంగుళాల రాయి అడ్డం వచ్చిందనుకుందాం. లెక్క వేస్తే, దాన్ని ఎక్కడానికి 8 అంగుళాల చక్రాన్ని, దాని మీద పడే బరువుకు సుమారు 1.73 రెట్ల బలంతో ముందుకు నెట్టాలి. చక్రం 12 అంగుళాలదైతే 1.12 రెట్లు చాలు. 24 అంగుళాలదైతే 0.66 మాత్రమే. పదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించాం, వాళ్లే అన్నారు: "అయితే సార్, రాయి వచ్చినప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి లాగాలి కదా!" అవును. వెనుక తోసే అమ్మకో తమ్ముడికో ఈ ఒక్క కిటుకు చెబితే సగం ఇబ్బంది తీరుతుంది. చిన్న చక్రం గట్టి రబ్బరుదై సన్నగా ఉంటే ఇసుకలో కత్తిలా దిగిపోతుంది కూడా.

ఈ లోపాన్ని పట్టుకుని పనిచేసినవాడు రాల్ఫ్ హాచ్‌కిస్ అనే అమెరికన్. 1966లో మోటారుసైకిల్ ప్రమాదంలో నడక పోగొట్టుకున్నాడు. 1980లో నికరాగ్వా దేశానికి వెళ్లి అక్కడ కుర్చీ వాడేవాళ్లతో కలిసి కూర్చున్నాడు, వాళ్లు తమ కుర్చీలను తామే ఎలా బాగుచేసుకుంటున్నారో చూశాడు. తర్వాత వర్ల్‌విండ్ అనే సంస్థ ద్వారా పేద దేశాల కోసం నమూనాలు తయారయ్యాయి. వాటిలో రఫ్‌రైడర్ అనేది ముఖ్యం. ముందు చక్రాలు వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో ఉంటాయి. అవి ఇంకా ముందుకు జరిగి ఉంటాయి. ఆధారం పొడవు పెరిగింది కాబట్టి గుంతలో ముందు చక్రం దిగినా మనిషి ముందుకు బోర్లా పడడు. మామూలు సైకిల్ దుకాణంలో దొరికే వెనుక టైరు వేస్తారు. పైగా అదీ మడిచే కుర్చీయే. మడతను వదులుకోకుండానే నేలకు తగ్గట్టు మార్చవచ్చని దీనివల్ల తెలిసింది.

మన దేశంలోనూ పని జరుగుతోంది. మద్రాసు ఐఐటీలో ఆచార్య సుజాత శ్రీనివాసన్ నడిపే కేంద్రం నుంచి నియోఫ్లై అనే కుర్చీ వచ్చింది. వాడే మనిషి కొలతలకు తగ్గట్టు చేసి ఇస్తారు. దానికి ముందు తగిలించుకునే నియోబోల్ట్ అనే మోటారు భాగం ఉంది, తగిలిస్తే కుర్చీయే రోడ్డు మీద పోయే బండి అవుతుంది. అమెరికాలోని ఎంఐటీలో ఏమోస్ వింటర్ బృందం చేసిన కుర్చీకి రెండు పొడవాటి మీటలుంటాయి. మీటను పైన పట్టి తోస్తే బలం ఎక్కువ, కింద పట్టి తోస్తే వేగం ఎక్కువ. గేర్లు మార్చే పనిని చెయ్యే చేస్తుందన్నమాట. దీన్ని జైపూర్ కాలు సంస్థతో కలిసి మన దేశంలోనే పరీక్షించారు. ఇవన్నీ మన సొసైటీ వెంటనే కొనేయగలదని మేము అనడం లేదు. ఖరీదు ఉంది. అయితే ఏమి అడగాలో తెలిస్తే మామూలు కుర్చీని కూడా ఎంచి తీసుకోవచ్చు, కొంత మార్చుకోవచ్చు.

ఆ అబ్బాయి విషయానికి వస్తాం. కుర్చీ సీటు 18 అంగుళాలు. అతని తుంటి వెడల్పు కొలిస్తే 12. మధ్యలో కూర్చుంటే రెండు చక్రాలకూ చేతులు అందవు, అందుకని ఒక పక్కకు ఒరిగేవాడు. పైగా మడిచే కుర్చీ సీటు గుడ్డే కదా, నెల తిరిగేసరికి ఉయ్యాలలా జారుతుంది. తుంటి ఎముక ఒక పక్కకు దిగి బరువంతా ఒక్క చోట పడుతుంది. స్పర్శ లేని ఒంటికి అదే పుండు. మందపాటి పరుపు లేకుండా వెన్ను దెబ్బతిన్న మనిషికి కుర్చీ ఇవ్వడమంటే, మా ఉద్దేశంలో, సగం కుర్చీ ఇవ్వడమే. మేము చేసిన పని ఏమంటే, సీటు కొలతకు ఒక ప్లైవుడ్ పలక కోయించి గుడ్డ మీద వేశాం, దాని మీద మందపాటి ఫోమ్ పరుపు, పైన నూలు గుడ్డ తొడుగు. పక్కల ఖాళీలో చిన్న దిండ్లు. మన ఎండల్లో రెక్సిన్ సీటు కాలుతుంది, చెమటకు చర్మం నానుతుంది, అందుకే నూలు. చక్రానికి తోసే స్టీలు కడ్డీ మధ్యాహ్నం పట్టుకోలేం. పాత సైకిల్ ట్యూబు చీల్చి దానికి చుట్టాం. పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి చేతుల మీద ఒళ్లు పైకి లేపమని నేర్పాం.

కొలతలు తీయడం కష్టమేమీ కాదు, దర్జీ టేపు చాలు. తుంటి వెడల్పు ఎంతో సీటు వెడల్పు అంత, మహా అయితే ఒక అంగుళం ఎక్కువ. పిరుదు వెనుక నుంచి మోకాలి మడత దాకా కొలిచి, అందులో ఒకటిన్నర, రెండు అంగుళాలు తగ్గిస్తే సీటు లోతు. మోకాలి మడత నుంచి మడమ దాకా ఎంతో పరుపు నుంచి పాదం పెట్టే పలక అంత కింద ఉండాలి. వాళ్ల ఇంటి గుమ్మం కూడా కొలవాలి. 18 అంగుళాల సీటున్న కుర్చీ మొత్తం వెడల్పు రెండడుగులు దాటుతుంది. పాత రాతి ఇళ్ల రెండడుగుల గుమ్మంలో అది పట్టదు. బయట కుర్చీ, లోపల పాకడం!

చంక కర్రల సంగతి క్లుప్తంగా. కర్ర పైభాగం చంకకు రెండు మూడు వేళ్ల కింద ఉండాలి, బరువు అరచేతుల మీద పడాలి. చంకలో ఆనితే నరం దెబ్బతిని చెయ్యి తిమ్మిరెక్కుతుంది. కింది రబ్బరు బుష్ అరిగితే బండ మీద జారడమే. కొద్ది డబ్బుల బుష్ లేక పడి తుంటి విరిగిన ఒక చాచా మనకందరికీ తెలుసు.

ఇక డబ్బు మాట. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ ఉండి, ఆదాయ పరిమితికి లోబడినవారికి కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద కుర్చీ, మూడు చక్రాల సైకిల్ వస్తాయి. కాన్పూరులో 1972లో స్థాపించిన అలిమ్‌కో వీటిని తయారుచేస్తుంది. అనంతపురం జిల్లాలో ఆర్డీటీ పల్లెల్లో వికలాంగుల సంఘాలతో ఏళ్ల తరబడి పనిచేస్తోంది. కనుక కుర్చీ దొరికే దారులు ఉన్నాయి. పంక్చరైన టైరు, ఊడిన బేరింగు, చినిగిన సీటు కోసం డబ్బిచ్చేవాళ్లు మాత్రం మాకు కనిపించలేదు. పది కుర్చీలు ఇవ్వగల ఏడాది ఎనిమిదే ఇచ్చి, మిగిలిన రెండింటి సొమ్ము పరుపులకు, టైర్లకు, సైకిల్ మేస్త్రీ కూలికి ఉంచమని మా మనవి. జకాత్ సొమ్ము ఇలా వాడవచ్చా, సదఖా నుంచే తీయాలా అన్నది ఉలమాను అడిగి చేయాల్సిన విషయం, మేము చెప్పేది కాదు. ఏడాది నివేదికలో ఎన్ని కుర్చీలు పంచామో రాస్తున్నాం. ఏడాది తర్వాత ఎన్ని తిరుగుతున్నాయో కూడా ఆ పక్కనే రాయాలి. మొదటిసారి ఆ అంకె చూసి సిగ్గుపడతామేమో. పడదాం.

మసీదు మెట్ల గురించి కూడా ఒక లెక్క. ఎత్తుకు పన్నెండింతల పొడవు వాలు ఉంటేనే కుర్చీలో ఉన్న మనిషి తనంతట ఎక్కగలడు. మూడు మెట్లు ఆరేసి అంగుళాలైతే 18 అంగుళాలు, అంటే 18 అడుగుల వాలు. నాలుగడుగుల బండ వాలుగా వేసి ర్యాంపు అంటే అది జారుడుబండ. చోటు లేకపోతే మధ్యలో తిప్పి రెండు భాగాలుగా కట్టవచ్చు. లోపలికి వచ్చేటప్పుడు చక్రాలు తుడవడానికి తడి గుడ్డ, బకెట్ గుమ్మం దగ్గర ఉంటే సరి.

ఆ అబ్బాయి పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక విద్యా సంవత్సరం పోయింది. ఇప్పుడు మళ్లీ బడికి వస్తున్నాడు, ముందు చక్రాలు ఇంకా పెద్దవి కావాలని రోజూ మమ్మల్ని సతాయిస్తున్నాడు. ఈసారి పంపిణీకి వారం ముందే పేర్లు రాసుకున్నవారి ఇళ్లకు వెళ్లి కొలతలు తీస్తాం. పుస్తకంలో రాసుకునే పని మాది. టేపు పట్టుకునేది అతను.