బోర్డు కొనే ముందు కాగితం తీయండి

బుగ్గారం నుంచి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి 200 కిలోమీటర్లకు పైనే. తప్పు మదర్‌బోర్డు తెచ్చుకుంటే మార్చుకోవడానికి మళ్లీ అంత దూరం పోవాలి. కాబట్టి కౌంటర్ దగ్గర కాదు, బస్సెక్కక ముందే నిర్ణయం తీసుకోండి. మీరు తీసుకోగలరు!

చాలామంది బోర్డు పేరుతో మొదలుపెడతారు. "ఎక్స్870ఈ కావాలి" అంటారు. ఎందుకని అడిగితే జవాబుండదు. ఈ అలవాటును ఇవాళే మార్చుకోండి. ముందు పని రాయండి, పేరు తర్వాత.

జగిత్యాలలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తారా? కోరుట్లలో ఇంటి నుంచే కోడింగ్ చేస్తారా? సాయంత్రం గేమ్స్ ఆడతారా? రాయండి. ఆ కాగితంపై మూడు ప్రశ్నలు వేసుకోండి:

1. ఎక్కువ ఎస్ఎస్‌డీలు పెడతానా?
2. గ్రాఫిక్స్ కార్డు కాక రెండో కార్డు ఏదైనా పెడతానా?
3. యూఎస్‌బీ4, 10 గిగాబిట్ ల్యాన్ లాంటివి నిజంగా వాడతానా?

మూడింటిలో రెండింటికి "అవును" అయితే ఖరీదైన బోర్డు మీకోసమే. ధైర్యంగా కొనండి. ఏఎండీ ఎక్స్870ఈలో రెండు చిప్‌సెట్ చిప్‌లు ఉంటాయి, కనెక్షన్లు ఎక్కువ వస్తాయి. రోజూ 4కే ఫుటేజ్ ఎడిట్ చేసే వాళ్లకు అది పెట్టుబడి.

కాదా? దానికన్నా చవకైన మంచి బీ850 బోర్డు చాలు. ఒకే ప్రాసెసర్, ఒకే గ్రాఫిక్స్ కార్డు పెడితే గేమ్‌లో ఫ్రేమ్‌ల తేడా దాదాపు కనిపించదు. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు, ర్యామ్‌కు, యూపీఎస్‌కు పెట్టండి. దుబాయిలో అన్న ఎండలో సంపాదించి పంపిన డబ్బు ఆర్‌జీబీ లైట్ల మీద పోకూడదు. ఈ మాట గట్టిగానే చెప్తాను.

ఇప్పుడు రేపటి గురించి ఆలోచించండి. 2017లో ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు కొన్నవాళ్లు చాలామంది 2022లో బయోస్ అప్‌డేట్ చేసి అదే బోర్డుపై రైజెన్ 5800ఎక్స్3డీ పెట్టుకున్నారు. ఐదేళ్ల తర్వాత కొత్త వేగం, పాత బోర్డు! ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. దానికి 2027 వరకు, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. ఇంటెల్ 2021లో ఎల్జీఏ1700 సాకెట్ తెచ్చింది, 2024లోనే ఎల్జీఏ1851కి మారింది. మళ్లీ అప్‌గ్రేడ్ చేసే ఆలోచన ఉంటే నా ఓటు ఏఎం5కే.

స్పెక్ షీట్ చదవడం అలవాటు చేసుకోండి. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నదే అసలు విషయం. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ వాడితే గ్రాఫిక్స్ స్లాట్ ఎక్స్16 నుంచి ఎక్స్8కి పడిపోతుంది. అది ముందే తెలుసుకున్న వాడు మోసపోడు. డీడీఆర్5లో నాలుగు స్టిక్‌లు పెడితే సాధారణంగా వేగం తగ్గించాల్సి వస్తుంది, అందుకే రెండు పెద్ద స్టిక్‌లు కొనండి. వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ గట్టిగా ఉందో లేదో చూడండి. ప్రాసెసర్‌కు కరెంటు అందించేది వీఆర్‌ఎమ్మే. మే నెల ఎండలో గంటల తరబడి రెండర్ పెట్టేవాళ్లకు ఇది పేరు కన్నా ముఖ్యం.

బయోస్‌కు భయపడకండి. 2024లో ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని పదేపదే క్రాష్ అయ్యాయి. దానికి ఇంటెల్ ఇచ్చిన మందు బయోస్ అప్‌డేట్ రూపంలోనే వచ్చింది. కానీ గాలివాన మొదలైతే మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనిచేయకుండా పోవచ్చు. అందుకే ముందు యూపీఎస్, తర్వాతే అప్‌డేట్. వెనుక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డే ఎంచుకోండి. దాంతో బయోస్ చెడినా పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ ఎక్కించుకోవచ్చు.

కొనే రోజు తొందరపడకండి. షాపతను ఇంకో మోడల్ చూపిస్తాడు, "ఇదే బెస్ట్" అంటాడు. నవ్వుతూ మీ కాగితం తీయండి. అందులో లేనిది వద్దనండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి, సీరియల్ నంబర్ సరిచూసుకోండి. ఏఎం5లోనూ, ఇంటెల్‌లోనూ పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. వంగిన పిన్నులకు సాధారణంగా వారంటీ రాదు. సాకెట్ మూత తీయించి, ఫోన్ లైట్ వేసి, కౌంటర్ మీదే చూసుకుని డబ్బు కట్టండి.