బామ్మర్ది సూట్‌కేసులో నాయిన మందు

శాలిబండ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వాళ్ల నాయినకు ఊపిరితిత్తుల క్యాన్సర్. డాక్టరు రోజుకొక మాత్ర చొప్పున రాశారు. అది పేటెంట్ ఉన్న మందు, నెల ఖర్చు లక్ష దాటుతోంది. అదే మందు బంగ్లాదేశ్‌లో చాలా చవకగా తయారవుతోందని ఆసుపత్రి వరండాలో ఇంకో రోగి తాలూకు మనిషి చెప్పి, అది అమ్మే ఒకరి వాట్సాప్ నంబరు కూడా ఇచ్చాడట. "మా బామ్మర్ది దుబాయిల ఉంటడు సార్. వచ్చే నెల వస్తుండు. ఆయన సూట్‌కేసుల తెప్పిస్తే కస్టమ్సోళ్లు పట్టుకుంటరా? కొరియర్ల తెప్పిస్తే కేసు అయితదా?" అని వారి ప్రశ్న.

సూటిగా చెబుతాను. తెప్పించుకోవచ్చు. కానీ బామ్మర్ది సూట్‌కేసులో కాదు.

పాతబస్తీలో ఈ జవాబు చాలామందికి వింతగా తోస్తుంది. బార్కస్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా ప్రాంతాల్లో గల్ఫ్ నుంచి ఎవరు వచ్చినా ఖర్జూరాలతో పాటు పనడాల్ డబ్బా దిగాల్సిందే. పనడాల్ అంటే పారాసిటమాల్. మన గల్లీ మెడికల్ షాపులో వేరే పేరుతో దొరికేదే, అయినా సౌదీ నుంచి వచ్చిందే గట్టిగా పనిచేస్తుందని కొందరి నమ్మకం. ఆ డబ్బాను విమానాశ్రయంలో ఎవరూ ఆపరు. దాంతో సొంతానికి తెచ్చుకునే మందు ఏదైనా సరే తెచ్చుకోవచ్చన్న ధీమా బలపడిపోయింది.

చట్టం ఇంకోలా ఉంది. మన దేశంలో నమోదు కాని, దిగుమతి లైసెన్సు లేని మందును తేకూడదని 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం పదో సెక్షన్ చెబుతుంది. సొంత వాడకానికి కొద్ది మొత్తం తెచ్చుకుంటే మినహాయింపు ఉందని కూడా అదే సెక్షన్ అంటుంది. ఆ మినహాయింపు షరతులు 1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లో 36వ నిబంధనలో ఉన్నాయి. మందు ప్రయాణికుడి సామానులో భాగమై ఉండాలి. అది అతని సొంతమై, అతని వాడకానికే ఉద్దేశించినదై ఉండాలి. కస్టమ్స్ అధికారులు చెప్పమంటే చెప్పాలి. ఏ ఒక్క మందూ వంద సగటు మోతాదులకు మించకూడదు.

ఇప్పుడు ఆ రెండో షరతు మళ్లీ చదవండి. మందు మోసుకొచ్చే మనిషే దాన్ని వాడే రోగి కావాలి. నాయినే స్వయంగా వెళ్లి వచ్చి ఉంటే, రోజుకొక మాత్ర లెక్కన మూడు నెలలకు పైగా సరిపడా తన సంచిలో తెచ్చుకోవచ్చు. బామ్మర్దికి క్యాన్సర్ లేదు గనుక అతని సూట్‌కేసులోని తొంభై మాత్రలకు ఈ మినహాయింపు అక్షరాలా వర్తించదు. మంచంలో ఉన్న రోగి విమానం ఎక్కలేడు, ఎక్కగలిగిన బామ్మర్దికి చట్టం ఒప్పుకోదు! ఓడ ప్రయాణాల కాలంలో రాసిన ఈ షరతును సవరించి దగ్గరి బంధువులను చేర్చాలన్నది నా అభిప్రాయం. సవరించే దాకా మాత్రం ఉన్నదే చట్టం.

అయితే అదే నిబంధనలో ఇంకో దారి ఉంది, దాని సంగతే జనానికి తెలియదు. సామానులో కాకుండా కొరియర్లోనో పోస్టులోనో వచ్చే మందుకు ఫారం 12-ఏలో దరఖాస్తు పెడితే, కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ, అదే సీడీఎస్‌సీవో, ఫారం 12-బీలో పర్మిట్ ఇస్తుంది. దానికి ఆ మందు నిజంగా సొంత వాడకానికేనని అధికారికి నమ్మకం కలగాలి. అడిగిన మొత్తం సబబుగా ఉండాలి. రిజిస్టర్డ్ డాక్టరు రాసిన చీటీ ఉండాలి. దరఖాస్తును సుగమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఈ సంస్థ జోనల్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది గనుక సందేహాలుంటే అక్కడ అడగవచ్చు. చీటీ మీద మందు అసలు పేరు, మోతాదు, ఎన్ని నెలలకో స్పష్టంగా రాయించుకోండి. పర్మిట్ రోగి పేరుతోనే తీసుకోండి, పార్సిల్ మీదా అదే పేరు వేయించండి. ముందు పర్మిట్, తర్వాత ఆర్డరు. ఈ వరస తప్పితే పార్సిల్ కస్టమ్స్ గోదాములో కూర్చుంటుంది.

పర్మిట్ చేతికొస్తే మందు దేశంలోకి రావడానికి అనుమతి దొరికినట్టే, సుంకం మాఫీ అయినట్టు కాదు. జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఉన్న జబ్బుల కోసం సొంతానికి తెప్పించుకునే మందుల మీద 2023 ఏప్రిల్ 1 నుంచి బేసిక్ కస్టమ్స్ సుంకం లేదు. దానికి ఆరోగ్య శాఖ డైరెక్టర్ లేదా జిల్లా వైద్యాధికారి ధ్రువపత్రం కావాలి. క్యాన్సర్ మందుల్లోనూ కొన్నింటికి మినహాయింపు ఉంది. మీ మందు ఆ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

పార్సిల్ ఆపేశారంటే భయపడి వదిలేయకండి. నోటీసు ఇవ్వకుండా, మీ మాట వినకుండా సరుకు జప్తు చేయకూడదని కస్టమ్స్ చట్టం 124వ సెక్షన్ చెబుతోంది. నోటీసు కాగితం మీదే ఇమ్మని అడగండి. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి వెళ్లవచ్చు.

ఇక ఆ వాట్సాప్ నంబరు. పాఠకుడు అడగకపోయినా, అసలు ప్రమాదం నాకు కనిపిస్తున్నది అక్కడే. బంగ్లాదేశ్‌లో తయారైన మాత్ర ఢాకాలో దొంగ మందు కాదు. వెనుకబడిన దేశాల జాబితాలో ఉన్న దేశాలు మందుల మీద పేటెంట్ అమలు చేయనక్కర్లేదని ప్రపంచ వాణిజ్య సంస్థ 2033 దాకా వెసులుబాటు ఇచ్చింది, ఆ చవక అందువల్ల వచ్చింది. కానీ దాన్నే ఇక్కడ లైసెన్సు లేకుండా అమ్మితే నేరం. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 27వ సెక్షన్ కింద మూడేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయలు లేదా పట్టుబడ్డ సరుకు విలువకు మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అంతకు తగ్గని జరిమానా. మీ పర్మిట్ మీ నాయినకు మాత్రమే, దాన్ని చూపించి పది మందికి పంచే హక్కు ఎవరికీ లేదు. ఆ వాట్సాప్ నంబరు మనిషి బిల్లు ఇవ్వడు. ఫోన్‌పేలో డబ్బు వెళ్లేది ఎవరో ఒక వ్యక్తి ఖాతాకు. వచ్చిన మాత్రలో మందుందో సుద్దముక్క పొడి ఉందో చెప్పేవాళ్లుండరు. 2023 డిసెంబరులో మచ్చబొల్లారంలో రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు నకిలీ క్యాన్సర్ మందుల నిల్వ పట్టుకున్నారు. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఛేదించిన ముఠా ఆసుపత్రుల్లో వాడేసిన ఖాళీ సీసాలు కొని, మళ్లీ నింపి అమ్మింది. క్యాన్సర్ రోగి ఇంట్లో ఆశ ఎక్కువ, ఆరా తక్కువ. మోసగాడికి కావాల్సిందీ అదే.

ఇప్పటికే ఎక్కడైనా కొని ఉంటే మీకో హక్కుంది. కొన్న మందును పరీక్షించమని ప్రభుత్వ అనలిస్టుకు పంపుకునే అవకాశం అదే డ్రగ్స్ చట్టం 26వ సెక్షన్ మామూలు పౌరుడికీ ఇచ్చింది. ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాలి. దుకాణంలో కొనేటప్పుడు విదేశీ డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి లైసెన్సు నంబరు వెతకండి. అవి లేకపోతే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగానికి 1800-599-6969కు చెప్పండి.

విదేశీ వెబ్‌సైటులో ఆర్డరు పెట్టి మోసపోతే మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు. కేసు గెలవడం ఒక ఎత్తు, ఎక్కడో ఉన్నవాడి దగ్గర డబ్బు రాబట్టడం ఇంకో ఎత్తు. ఆ తీర్పు కాగితం చాలాసార్లు బీరువాలోనే ఉండిపోతుంది.

ఆర్డరు పెట్టే ముందు డాక్టరును ఒక మాట అడగండి, దీనికి ఇక్కడి జెనరిక్ వచ్చిందా అని. వెన్నెముక కండరాల క్షీణత జబ్బుకు వాడే రిస్డిప్లామ్ సీసా ఆరు లక్షలకు పైగా ఉండేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో దాన్ని తయారు చేయకుండా ఆపాలని రోష్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2025 అక్టోబరు 9న డివిజన్ బెంచ్ రోష్ అప్పీలు కొట్టేసింది, అదే నెల 17న సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా ధర 15,900 రూపాయలు. అంతకుముందు 2012లో క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌ను పేటెంట్ ఉన్నా తయారు చేసేందుకు దేశంలో మొదటి కంపల్సరీ లైసెన్సు పొందిందీ ఆ కంపెనీయే. నెలకు దాదాపు 2,80,000 రూపాయల మందు 8,880కు వచ్చింది. ఢాకా దాకా వెళ్లనక్కర్లేని రోజులు కొన్ని మందులకు వచ్చాయి.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఒక ముక్క. ఇక్కడ డాక్టరు చీటీ మీద దొరికే ట్రామడాల్, కోడీన్ దగ్గుమందు, నిద్రమాత్రలు అక్కడ నియంత్రిత జాబితాలో ఉంటాయి. ముందస్తు అనుమతి లేకుండా అబుదాబిలో దిగితే జైలు దాకా వెళ్తుంది. తమ్ముడికి ఇవ్వమని పక్కింటివాళ్లు ఇచ్చిన మందు పొట్లం ఎంత మొహమాటమైనా తీసుకోకండి.

శాలిబండ పాఠకుడికి చివరిగా. బామ్మర్దిని ఖర్జూరాలు తెమ్మనండి. మీరు డాక్టరు చీటీ, నాయిన ఆధార్, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణకు వెళ్లండి. అక్కడి న్యాయ సేవాధికార సంస్థలో పర్మిట్‌కు ఎలా దరఖాస్తు చేయాలో అడగండి. వెళ్లలేకపోతే న్యాయ సహాయ నంబరు 15100కు ఫోన్ చేయండి.