తుంగభద్రా తీరంలో ఒక కీర్తన

పాఠ్యభాగ సందర్భం

వ్యాసప్రక్రియకు చెందిన ఈ పాఠం మంత్రాలయంతో ముడిపడిన ‘ఇందు ఎనగె గోవింద’ అనే కన్నడ కీర్తన చరిత్రను, దాని ప్రభావాన్ని వివరిస్తుంది. ఒక పాట తరతరాలు నిలవడానికి గల కారణాలను పరిశీలించడం దీని ఉద్దేశం.

పాఠం

కర్నూలు జిల్లాలో తుంగభద్రా నదికి దక్షిణపు గట్టున మంత్రాలయం వెలసింది. దీని పూర్వనామం మంచాల. పదిహేడవ శతాబ్దిలో ఆదోని పాలకుడైన సిద్ది మసూద్ ఖాన్ ఈ గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి దానమిచ్చాడని మఠ సంప్రదాయం చెబుతుంది. స్వామి 1671వ సంవత్సరం శ్రావణ బహుళ విదియనాడు ఇక్కడ సజీవంగా బృందావన ప్రవేశం చేశారని భక్తుల విశ్వాసం. ఏటా ఆ తిథిన ఆరాధనోత్సవాలు జరుగుతాయి. ఆ ఉత్సవాలలో తెలుగు, కన్నడ, తమిళ భక్తులు కూడి పాడే పాటలలో ‘ఇందు ఎనగె గోవింద’ ముఖ్యమైనది.

రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమ నామం వేంకటనాథుడు. 1595లో తమిళనాడులోని భువనగిరిలో జన్మించారు. వారి వంశం వీణావిద్యకు ప్రసిద్ధి. వేంకటనాథుడు కూడా వైణికుడే. కుంభకోణంలో సుధీంద్రతీర్థుల వద్ద శాస్త్రాధ్యయనం చేసి, 1621లో తంజావూరులో సన్యాసాశ్రమం స్వీకరించి పీఠమెక్కారు. అప్పటి తంజావూరు ప్రభువు రఘునాథనాయకుడు స్వయంగా తెలుగు కవి. జయతీర్థుల ‘న్యాయసుధ’కు స్వామి రచించిన ‘పరిమళం’ అనే వ్యాఖ్య పండితలోకంలో ఎంతగానో మన్నన పొందింది. అందువల్లనే వారికి పరిమళాచార్యులన్న పేరు కూడా కలిగింది.

ఇంతటి సంస్కృత పండితుడు కన్నడంలో పాట కట్టడం వింతగా తోచవచ్చు. కాని దాని వెనుక ఒక బలమైన సంప్రదాయం ఉంది. శాస్త్రాన్ని సంస్కృతంలో చెప్పి, భక్తిని ప్రజల భాషలో పాడడం మాధ్వ యతులలో అంతకు పూర్వమే పాదుకొన్నది. శ్రీపాదరాయలు, వ్యాసరాయలు ఆ బాట వేశారు. పురందరదాసు, కనకదాసు దానిని రాజమార్గం చేశారు. ఈ వాగ్గేయకారులనే హరిదాసులంటారు. పాట చివర కవి నిలిపే ముద్రను వారు ‘అంకితం’ అంటారు. ‘ఇందు ఎనగె గోవింద’ చివర ‘ధీర వేణుగోపాల’ అన్న అంకితం కనిపిస్తుంది. అది రాఘవేంద్రస్వామి ముద్ర అని సంప్రదాయం.

కీర్తన పుట్టిన సందర్భం గురించి రెండు కథనాలున్నాయి. స్వామి బృందావన ప్రవేశానికి ముందు చివరిసారిగా ఆలపించిన పాట ఇదేనని అధికుల నమ్మకం. ఉడిపిలో శ్రీకృష్ణ సన్నిధిలో పుట్టిందని చెప్పేవారూ ఉన్నారు. అదే దినానికి సంబంధించి మరో రచన కథ కూడా ప్రచారంలో ఉంది. స్వామి శిష్యుడు అప్పణాచార్యులు. ఆయన ఊరు నదికి ఆవలి గట్టున ఉన్న బిచ్చాలి. గురువు కడపటి దర్శనం కోసం ఆయన సంస్కృత స్తోత్రం చదువుతూ పరుగున వచ్చేసరికి బృందావనం మూసివేయబడిందట. దుఃఖంతో కంఠం పూడుకొనిపోగా, స్తోత్రంలోని చివరి ఏడక్షరాలు లోపలి నుండి వినిపించాయని ఐతిహ్యం. ఇవి విశ్వాసానికి చెందిన కథలు. చరిత్రకారుడు వీటిని శాసన ప్రమాణంగా స్వీకరించడు. అయినా, ఒక పాటను ప్రజలు ఏ ఘడియతో ముడిపెట్టుకొన్నారో తెలిస్తే, ఆ పాట వారికి ఏమయిందో తెలుస్తుంది.

తెలుగు విద్యార్థికి ఈ కీర్తన మొదటి పదమే చిన్న పరీక్ష పెడుతుంది. తెలుగులో ‘ఇందు’ అంటే చంద్రుడు, లేదా దీనిలో అని అర్థం. కన్నడంలో ‘ఇందు’ అంటే నేడు. ‘ఎనగె’ అంటే నాకు. ఈ రెండు మాటలు తెలిస్తే తక్కిన పల్లవి చాలావరకు తనంతట బోధపడుతుంది. గోవిందుడా, నేడు నాకు నీ పాదదర్శనం కలిగించు అన్నదే దాని సారాంశం. పల్లవి, అనుపల్లవుల మొదటి పదాలలో రెండవ అక్షరం పూర్ణబిందుపూర్వకమైన దకారం. తెలుగు ఛందస్సులో దీనినే ప్రాస అంటారు. మొదటి చరణం వరకు అదే ప్రాస నడచి, రెండవ చరణంలో వేరొక ప్రాసకు మారుతుంది. అక్షరజ్ఞానం లేనివారు సైతం పాటను తడబడకుండా పాడగలగడానికి ఈ కూర్పు తోడ్పడింది. కచేరీలలో దీనిని తరచుగా భైరవి రాగంలో గానం చేస్తారు.

చరణాలలోని భావం మరింత గమనింపదగినది. సంసారబంధంలో చిక్కి, ముందు దారి కానరాక కుంగిన జీవుడు మొదట మాట్లాడతాడు. తన లోపాలు లెక్కింపక బిడ్డగా ఎంచి కాపాడమంటాడు. తరువాత, మూఢత్వంతో దృఢమైన భక్తి చేయలేదని, నీ మహిమను పాడనైనా లేదని ఒప్పుకొంటాడు. చివరకు దారి తప్పి దుర్జనులతో తిరిగానని, రక్షించేవారు వేరొకరు లేరని, తనను తీరం చేర్చమని వేడుకొంటాడు. జీవితమంతా పూజలో, పాఠప్రవచనాలలో గడిపిన పీఠాధిపతి నోట ఈ మాటలు రావడమే ఈ పాటకు ప్రాణం. ఇందులో పండితుడు తన పాండిత్యాన్ని పక్కన పెట్టి, తప్పులు చేసే సామాన్య మానవుని గొంతుతో పలికాడు. అందుచేత పాడే ప్రతి ఒక్కరూ దీనిని తమ మాటగానే భావించగలిగారు.

రాయలసీమకే చెందిన మరొక చరిత్రతో పోల్చినప్పుడు ఈ విషయం స్పష్టమవుతుంది. కడప జిల్లా తాళ్ళపాకలో జన్మించిన అన్నమాచార్యులు (1408–1503) వేల సంకీర్తనలు రచించాడు. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరిచారు.  కాని వాటిలో అధికభాగం శతాబ్దాల తరబడి జనుల నోళ్ళకు దూరమైంది. ఇరవయ్యవ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి వారు పరిష్కరించి ప్రకటించేవరకు అవి మౌనంగానే ఉండిపోయాయి. ‘ఇందు ఎనగె గోవింద’కు రాగిరేకులు లేవు. భజన గోష్ఠులు, గురువారపు పూజలు, తల్లులు బిడ్డలకు నేర్పిన పాఠాలే దానికి భాండాగారాలయ్యాయి. లోహం అక్షరాన్ని కాపాడుతుంది. కంఠం పాటను కాపాడుతుంది. సంస్కృతికి ఈ రెండూ అవసరమే.

ఈ కీర్తన నడచిన నేల సరిహద్దులు పలుమార్లు మారాయి. స్వాతంత్ర్యానికి పూర్వం ఈ ప్రాంతంలో తుంగభద్రకు ఒక వైపు మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లా, మరొక వైపు నిజాం సంస్థానంలోని రాయచూరు జిల్లా ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకాతో పాటు మంత్రాలయం ఆంధ్రలో చేరింది. 1956లో రాయచూరు నాటి మైసూరు రాష్ట్రంలో కలిసింది. గురువు ఊరు ఒక రాష్ట్రానికి, శిష్యుని ఊరు మరొక రాష్ట్రానికి చెందాయి. పాట మాత్రం రెండు గట్టులలోనూ నిలిచింది. కన్నడ కీర్తనలను తెలుగు లిపిలో అచ్చువేసుకొని పాడుకొనే అలవాటు ఈ సీమలో నేటికీ ఉంది.

కాలక్రమంలో కీర్తన గుడి ప్రాంగణం దాటి వెండితెరకు చేరింది. 1974లో దొరై–భగవాన్ దర్శకత్వంలో వచ్చిన ‘ఎరడు కనసు’ అనే కన్నడ చిత్రంలో రాజన్–నాగేంద్ర దీనికి సంగీతం కూర్చగా, ఎస్. జానకి గానం చేశారు. అది యతి చరిత్ర కాదు, కుటుంబ కథ. సన్యాసి వేదనగా ప్రసిద్ధమైన పాట అక్కడ స్త్రీ కంఠంలో ఒదిగిపోయింది. ఆ గాయని గుంటూరు ప్రాంతంలో జన్మించిన తెలుగు మహిళ కావడం గమనార్హం.

2009 అక్టోబరు తొలి దినాలలో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తింది. ఎందరో ఇళ్ళూ వాకిళ్ళూ కోల్పోయారు. నీరు తీసిన తరువాత ఊరు కోలుకొంది, మరుసటి శ్రావణంలో మళ్ళీ ఆరాధన జరిగింది. కాగితం తడిసిపోతుంది, గోడ కూలిపోతుంది. పాడేవారు ఉన్నంతకాలం పాటకు ముంపు లేదు. పాడేవారు కరవైన నాడు మాత్రం ఏ భాండాగారమూ దానిని బ్రతికించలేదు. పొరుగుభాషలోని ఒక పాటను అర్థం తెలుసుకొని నేర్చుకొన్న విద్యార్థి, ఆ బాధ్యతలో పాలు పంచుకొన్నవాడవుతాడు.

కఠిన పదాలకు అర్థాలు

వైణికుడు = వీణ వాయించేవాడు
వాగ్గేయకారుడు = పాటను రచించి, స్వరపరచి పాడేవాడు
ఐతిహ్యం = పరంపరగా చెప్పుకొనే కథ
భాండాగారం = విలువైన వాటిని దాచే చోటు
కడపటి = చివరి

సంధులు

మంత్రాలయం = మంత్ర + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
ఆరాధనోత్సవం = ఆరాధన + ఉత్సవం – గుణసంధి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ‘ఇందు ఎనగె గోవింద’ కీర్తన తరతరాలుగా నిలవడానికి గల కారణాలను వివరించండి.
2. అన్నమాచార్యుల సంకీర్తనల చరిత్రను ఈ కీర్తన చరిత్రతో పోల్చి వ్రాయండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. హరిదాస సంప్రదాయాన్ని గురించి తెలపండి.
2. అప్పణాచార్యుల స్తోత్రం గురించిన ఐతిహ్యం ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మంత్రాలయం పూర్వనామం ఏమిటి?
2. రాఘవేంద్రస్వామికి పరిమళాచార్యులన్న పేరు ఎందుకు కలిగింది?