రంగులరాట్నం – పసి మనసు

తిరునాళ్లలో రంగులరాట్నం దిగిన పసివాడు మొదట పలికే మాట "మళ్లీ". అప్పటికే మూడుసార్లు ఎక్కి ఉంటాడు. నాలుగోసారీ అదే మాట, అదే ఉత్సాహం. పక్కనే జెయింట్ వీల్ ఆకాశాన్ని అంటుతున్నట్లు తిరుగుతూ ఉంటుంది. మరోవైపు చెక్కలతో కట్టిన బావిలో మోటారు సైకిళ్లు గోడల వెంట గర్జిస్తూ పరుగెత్తుతుంటాయి. పసివాడి చూపు మాత్రం రంగు వెలిసిన కొయ్యగుర్రాన్ని వదలదు. పెద్దవారికి ఇది వింతగా తోస్తుంది. కొత్తదనం లేదు, వేగం లేదు, ఎత్తు లేదు. తిరిగిన చోటే తిరగడంలో ఏమి ఆనందం ఉన్నదని వారి ప్రశ్న.

నూలు వడికే సాధనాన్నీ, పిల్లలను తిప్పే ఈ యంత్రాన్నీ తెలుగువారు రాట్నమనే పిలిచారు. రెండింటికీ చక్రమే ఆధారం. రెండవదానికి 'రంగుల' అనే విశేషణం చేరగానే అది పిల్లల సొత్తు అయింది. తిరునాళ్లలో నలుగురు పిల్లలను కూర్చోబెట్టి చేతితో తిప్పే చిన్న రాట్నం మొదలుకొని, ఈనాటి థీమ్ పార్కులలో విద్యుచ్ఛక్తితో నడిచే రాట్నం వరకు సూత్రం ఒక్కటే. ఏదో ఒక కథావస్తువు చుట్టూ అల్లిన విహారస్థలమే థీమ్ పార్కు. కోట్ల వ్యయంతో నిర్మించిన అటువంటి స్థలాలలో కూడా పసిపిల్లలు వెతుక్కునేది ఈ చిన్న చక్రాన్నే. అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలోని డిస్నీలాండ్.

డిస్నీలాండ్ పుట్టుకకు సైతం ఒక రంగులరాట్నమే కారణమంటారు. చలనచిత్ర నిర్మాత వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కుమార్తెలను లాస్ ఏంజెలెస్ నగరంలోని గ్రిఫిత్ పార్కుకు తీసుకొని వెళ్లేవాడు. పిల్లలు రాట్నం మీద తిరుగుతుంటే ఆయన బల్ల మీద కూర్చుని వేరుసెనగ గింజలు తింటూ కాలం గడిపేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి వినోదించే చోటు ఒకటి ఉండాలన్న ఊహ అక్కడే కలిగిందని తరువాత ఆయనే చెప్పాడు. 1955 జూలై 17న అనహైం పట్టణంలో డిస్నీలాండ్ ప్రారంభమైంది. అందులో స్థాపించిన రంగులరాట్నం 1922లో తయారైనది. దానిని కెనడాలోని టొరంటో నుంచి తెప్పించారు. కదలక నిలబడి ఉండే బొమ్మలు వద్దని, ప్రతి గుర్రమూ పైకీ కిందికీ ఎగురుతూ దౌడు తీయాలని డిస్నీ పట్టుపట్టాడు. పిల్లల మనసు ఎరిగినవాడి పట్టుదల అది.

అదే సంవత్సరం ఆగస్టులో అక్కడ మరొక చక్రం వెలసింది. 1941లో వచ్చిన 'డంబో' చిత్రంలో పెద్ద చెవులతో ఎగిరే ఏనుగు పిల్ల నాయకుడు. మధ్యలో ఒక స్తంభం, దాని నుంచి చాచిన ఇనుప చేతులు, ఒక్కొక్క చేతి చివర ఒక్కొక్క ఏనుగు – నిర్మాణం ఇంతే. ఏనుగులో కూర్చున్న పిల్లవాడి ముందు చిన్న మీట ఉంటుంది. దానిని కదిలిస్తే ఏనుగు పైకి లేస్తుంది, మళ్లీ కదిలిస్తే కిందికి దిగుతుంది. సవారి రెండు నిమిషాలకు మించదు. అయినా దాని ముందు వరుస తరగదు. ఫ్లోరిడా రాష్ట్రంలోని డిస్నీ పార్కులో 2012లో ఈ ఏనుగుల చక్రం పక్కనే మరొక చక్రాన్ని నిర్మించారు. వంతు వచ్చేదాకా పిల్లలు ఆడుకోవడానికి ఒక గుడారం కూడా వేశారు. అత్యాధునిక యంత్రాలెన్నో ఉన్న చోట, సుమారు అరవై ఏళ్ల నాటి ఊహకు రెండవ ప్రతిని తయారుచేయవలసి వచ్చిందంటే, ఆ ఊహలో ఏదో బలముండాలి.

ఆ బలంలో కొంత భాగం దేహధర్మం. అంతర చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలుంటాయి. వాటిలో ద్రవం నిండి ఉంటుంది. తల తిరిగినప్పుడు కుల్య తలతోపాటు తిరుగుతుంది గాని ద్రవం ఒక్క క్షణం వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు అక్కడి సున్నితమైన రోమకణాలను వంచుతుంది. దేహం తిరుగుతున్నదన్న వార్త మెదడుకు ఆ విధంగా చేరుతుంది. తిరగడం ఆగిన తరువాత కూడా ద్రవం కొంతసేపు కదులుతూనే ఉంటుంది కనుక, నేల మీద నిలబడినా లోకం గిర్రున తిరుగుతున్నట్లే ఉంటుంది. శిశువు తల్లి గర్భంలో ఉండగానే ఈ ఏర్పాటు రూపుదిద్దుకుంటుంది. ఊయల ఊపితే ఏడుపు మానే బిడ్డకు చలనం కొత్త అనుభవం కాదు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణంలో కలిగే వికారం కూడా అరుదు. తాతగారికి కళ్లు తిరిగే చోట మనవడు కేరింతలు కొట్టడంలో వింత లేదు.

ఈ ఆనందానికి యంత్రమే అక్కరలేదని తెలుగు ఆడపిల్లలకు ఏనాడో తెలుసు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు పెనవేసి పట్టుకొని, వెనుకకు వాలి గిరగిర తిరిగే ఒప్పులకుప్ప ఆటలో ఉన్నది ఇదే. ఫ్రెంచి రచయిత రోజె కాయ్వా 1958లో ప్రచురించిన గ్రంథంలో ఆటలను నాలుగు తరగతులుగా విభజించాడు. పోటీ, అదృష్టం, అనుకరణ అనేవి మొదటి మూడు. నాలుగవది తల తిరిగే మైకం కోసం ఆడే ఆట. దానికి ఆయన గ్రీకు భాషలో సుడిగుండాన్ని సూచించే పదాన్ని పేరుగా పెట్టాడు. ఒప్పులకుప్ప పూర్తిగా ఈ నాలుగవ తరగతికి చెందుతుంది. రంగులరాట్నంలో మాత్రం మూడవదీ నాలుగవదీ కలిసి ఉన్నాయి. దాని మీద కూర్చున్నవాడు తిరుగుతున్నాడు. అంతేకాక, రౌతు కూడా అయ్యాడు.

రౌతు కావడానికి ఎంత చక్కని గుర్రం కావాలి? రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో దీనికి సమాధానం ఉంది. కాళ్ల మధ్య ఇరికించుకోవడానికి వీలైన ఏ కర్ర అయినా పిల్లవాడికి గుర్రమవుతుంది, పోస్టుకార్డు మాత్రం కాలేదు అన్నాడాయన. కావలసింది పోలిక కాదు, ఎక్కి కూర్చునే వీలు. రాట్నం మీది గుర్రం కాళ్లు కదపదు, సకిలించదు. కదపని కాళ్లను కదిలించే పని పిల్లవాడిది. సర్వమూ తానే చూపించే యంత్రం ముందు అతడు ప్రేక్షకుడు మాత్రమే.

ఏనుగులోని మీట సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. స్విట్జర్లాండుకు చెందిన జాఁ పియాజే తన ముగ్గురు పిల్లలను ఊయలలో ఉన్ననాటి నుంచీ నిశితంగా పరిశీలించాడు. ఊయల పైన వేలాడే బొమ్మ తన కదలిక వల్లనే ఊగుతున్నదని గ్రహించిన శిశువు, ఆ కదలికను పదేపదే చేస్తాడని ఆయన గమనించాడు. తన చేతి వల్ల లోకంలో ఒక మార్పు జరిగిందన్న ఎరుక చిన్నది కాదు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు నిద్రపోవాలో, ఏ చొక్కా తొడుక్కోవాలో అన్నీ ఇతరులే నిర్ణయించే వయసులో, ఒక ఏనుగు తన మాట విని పైకి లేస్తుంది. డిస్నీలాండ్‌లోని టీ కప్పుల మధ్య ఉండే చక్రం చేసే పనీ అదే. కప్పు ఎంత వేగంగా తిరగాలో కూర్చున్నవారి చేతిలో ఉంటుంది.

ఇన్ని చెప్పినా "మళ్లీ" అన్న మాటకు సమాధానం పూర్తి కాలేదు. దానికోసం రాట్నాన్ని కాక, రాట్నం ఎక్కిన పిల్లవాడి ముఖాన్ని చూడాలి.

రాట్నం కదులుతుంది. కంచె దగ్గర నిలబడిన తల్లి వెనుకకు జరుగుతుంది, కనుమరుగవుతుంది. పిల్లవాడు గుర్రపు కడ్డీని గట్టిగా పట్టుకుంటాడు. ముఖంలో నవ్వు సన్నగిల్లుతుంది. రాట్నం అవతలి వైపు తిరిగినంతసేపూ చుట్టూ ఉన్నవన్నీ కొత్త ముఖాలే. అంతలో తల్లి చీర రంగు, ఆ వెంటనే ఆమె ముఖం, ఊపుతున్న చేయి కనిపిస్తాయి. నవ్వు విచ్చుకుంటుంది. మరుక్షణం ఆమె మళ్లీ మాయం. రెండవ చుట్టులో చేయి కడ్డీని కాస్త వదులుగా పట్టుకుంటుంది. నాలుగవ చుట్టుకు అతడు ముందే మెడ తిప్పి ఆమె కోసం సిద్ధంగా ఉంటాడు. ఆమె అక్కడ ఉంటుందని ఇప్పుడు అతడికి తెలుసు.

సిగ్మండ్ ఫ్రాయిడ్ తన ఒకటిన్నర ఏళ్ల మనవడి ఆటను 1920లో వెలువడిన గ్రంథంలో వర్ణించాడు. దారం కట్టిన కొయ్య కండెను ఆ బిడ్డ తెరలున్న మంచం అంచు మీదుగా విసిరేవాడు. అది కనిపించకుండా పోగానే 'పోయింది' అన్న అర్థం వచ్చే ధ్వని చేసేవాడు. దారం లాగి, కండె కంటబడగానే 'ఇదిగో' అని సంబరపడేవాడు. తల్లి బయటికి వెళ్లినప్పుడు కలిగే దిగులును ఆ బిడ్డ ఈ ఆటతో తన వశం చేసుకుంటున్నాడని ఫ్రాయిడ్ భావించాడు. తల్లి కొంగుతో ముఖం కప్పుకొని తీసినప్పుడు పకపక నవ్వే మన పిల్లలు ఆడేదీ ఈ ఆటే. రంగులరాట్నం దీనినే మరింత పెద్దది చేసింది. ఇక్కడ వెళ్లిపోతున్నది తల్లి కాదు, తానే. వెళ్లడమూ, తిరిగి రావడమూ ఒక్క నిమిషంలో అనేక పర్యాయాలు జరుగుతాయి, ఒక్కసారి కూడా తప్పవు.

ఈ దృష్టితో చూస్తే గ్రిఫిత్ పార్కు బల్ల మీద వేరుసెనగలు తింటూ కూర్చున్న తండ్రి, తనకు అక్కడ పని లేదనుకోవడం పొరపాటు. గుర్రం మీది బిడ్డకు ఆ బల్లయే గుర్తు, ఆ మనిషియే గమ్యం. అతడు లేచి పోయి ఉంటే రాట్నం వట్టి యంత్రం.

తప్పదన్న నమ్మకమే ఆనందమైన చోట కొత్తదనంతో పని లేదు. ఏడు చేపల కథ వినే పిల్లవాడికి చీమ చివరకు ఏమంటుందో బాగా తెలుసు. అయినా ఆ మాట వచ్చేదాకా ఊపిరి బిగబట్టి వింటాడు. అమ్మమ్మ నిద్రమత్తులో ఆవును దాటవేస్తే లేపి మరీ సరిదిద్దుతాడు.

పెద్దవారు తొందరపడేది ఇక్కడే. పార్కులో ప్రవేశానికి ఇంత డబ్బు పోసి, రోజంతా ఈ చిన్న చక్రం దగ్గరే గడపడం దండుగ అనిపిస్తుంది. పిల్లవాడి భయం పోగొట్టాలన్న సదుద్దేశమూ దానికి తోడవుతుంది. బతిమాలి, బెదిరించి, పెద్ద సవారి ఎక్కిస్తారు. అది చీకటిలోకి పోతుంది. ఎటు తిరుగుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. అడ్డుకడ్డీ బిగించిన తరువాత ఏడ్చినా దింపేవారు లేరు. రంగులరాట్నం దగ్గర పిల్లవాడు ఎక్కకముందే అంతా చూశాడు. తనవంటి పిల్లలు వెళ్లడమూ, నవ్వుతూ దిగి రావడమూ చూశాడు. ఆ తరువాతే చేయి చాచాడు. బలవంతపు సవారిలో అతడు పోగొట్టుకున్నది భయాన్ని కాదు, దింపమంటే దింపుతారన్న నమ్మకాన్ని.

పార్కుల నిర్వాహకులు ఈ విషయంలో కొందరు తల్లిదండ్రుల కంటే జాగ్రత్తగా ఉన్నారని చెప్పాలి. డంబో ఏనుగు ఎక్కడానికి ఎత్తు నిబంధన లేదు. 1977లో డిస్నీలాండ్‌లో మొదలైన, చీకటిలో దూసుకుపోయే 'స్పేస్ మౌంటెన్' ఎక్కాలంటే మాత్రం 40 అంగుళాల ఎత్తు ఉండాలి. అటువంటి సవారీల ప్రవేశద్వారం దగ్గర కొలత గీసిన పలక ఒకటి ఉంటుంది.

బలవంతం లేకున్నా ఆ పలక దగ్గరికి పిల్లవాడు ఒకనాడు తనంతట తానే వస్తాడు. ఆ ఏడు రంగులరాట్నం మీద కూర్చున్నప్పుడు అతడు తల్లి నిలబడిన చోటును వెదకడు. ఆమె చేయి ఊపినా, అతడి చూపు ఆమె తల మీదుగా, దూరాన కేకలు వినవచ్చే ఎత్తైన పట్టాల వైపు ఉంటుంది. రాట్నం దిగిన తరువాత "మళ్లీ" అనడు. పరుగున వెళ్లి ఆ గీత కింద నిలబడి, ఎవరూ చూడకుండా మడమలు కాస్త పైకెత్తుతాడు.