రాత్రి పెరుగు: శాస్త్రం మాట, చట్టం మాట

రాత్రి పెరుగన్నం తినకూడదని ఆయుర్వేదంలో నిజంగా ఉందా?

ఉంది. చరక సంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం ఆ మాట సూటిగా చెబుతుంది. పెరుగు అరగడానికి బరువు, కఫం పెంచుతుంది అన్నది కారణం. కానీ అక్కడితో ఆగలేదు. నెయ్యి, చక్కెర, పెసరకట్టు, తేనె, ఉసిరి లాంటి తోడు లేకుండా పగలైనా తినొద్దంటుంది, వేడి చేయొద్దంటుంది. వసంత, గ్రీష్మ, శరదృతువుల్లో పెరుగు వద్దని అష్టాంగహృదయం. మనమేమో సికింద్రాబాద్ మే ఎండలకు చలువ చేస్తుందని గిన్నెడు వేసుకుంటాం. ఆ గ్రంథాల లెక్కలో పెరుగుది ఉష్ణవీర్యం! రాత్రి నియమం ఒక్కటే పట్టుకుని పిల్లల కంచంలో పెరుగు ఆపేసే పెద్దలు మిగతా ముక్క కూడా చదవాలి.

పాలు, మజ్జిగ సంగతి?

రాత్రి పాలకు ఆ నిషేధం లేదు. చేపల్లాంటి కొన్నిటితో మాత్రం కలపొద్దంటారు. మజ్జిగ లెక్క వేరు. నీళ్లు పోసి చిలికి వెన్న తీస్తే తేలికవుతుంది. మొలలకు, గ్రహణి అనే జీర్ణ రోగానికి చరకుడు మెచ్చిన మందు అది. రాత్రి చివరి ముద్ద వదల్లేనివాళ్లకు నా ఓటు మజ్జిగకే, చిటికెడు శొంఠితో. షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం తమ డాక్టర్నే అడగాలి.

ఆయుర్వేదం పేరు చెప్పి మా హాస్టల్లో రాత్రి పెరుగు ఆపేశారు. అడగొచ్చా?

చేరేటప్పుడు ఇచ్చిన మెనూలో పెరుగు ఉందా? ఉంటే చరకుణ్ని అడ్డం పెట్టుకోవడం కుదరదు. డబ్బు తీసుకుని చెప్పింది పెట్టకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని ఫిర్యాదు చేయొచ్చు. మెనూలో లేకపోతే చట్టం మీ వైపు ఉండదు. ఏ పూట ఏం తినాలో చెప్పే చట్టం దేశంలో లేదు.

విశాఖ వందేభారత్‌లో రాత్రి భోజనంతో పెరుగు ఇస్తే?

కప్పు వద్దనండి, ఎవరూ బలవంతపెట్టరు. భోజనమే వద్దనుకుంటే టికెట్ బుక్ చేసేటప్పుడే ఆ ఎంపిక ఉంటుంది. తిండి బాగాలేకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కు ఫోన్ చేయండి.

ప్యాకెట్ మీద ‘ఆయుర్వేద’ అని ఉంటే నమ్మొచ్చా?

ఆ మాట అచ్చేస్తే చాలదు. 2022 ఆయుర్వేద ఆహార నిబంధనల ప్రకారం ప్రత్యేక లోగో ఉండాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా.

పాల ప్యాకెట్‌కు ‘కూలింగ్ ఛార్జి’ అంటున్నారు?

ఎమ్మార్పీ మీద రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. బిల్లు అడగండి, ఇవ్వకపోతే ప్యాకెట్ ఫొటో తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.